కుంఫిణీవారి దివాలా, దొరతనమువారి అప్పు



నేను బడిపంతులుగా నుండిన దినములలో నొకనాడు తూర్పు ఇండియా కుంఫిణీ చరిత్రము చెప్పుచుండగా, వెనుకబల్లమీది కుఱ్ఱవాడొకడు లేచి, “అయ్యవారూ! మా వీథిలో బియ్యపు వర్తకుడు దివాలా తీసినపుడు ఎవ్వరు నాదుకొనలేదు. కుంఫిణీకి మాత్రము దొరతనమువా రెందు కప్పిచ్చిరి?” అని యడిగెను. నాకు సరియైన యుత్తరము తోపలేదు. ఇంతలో గంట కొట్టుటచే బ్రదికితిని. ఆ బాకీ నేడు మీ యెదుట తీర్చుకొనుచున్నాను.

1765లో ఢిల్లీ పాదుషావలన కుంఫిణీకి బంగాళా దేశపు దివానీ, అనగా శిస్తు వసూలుచేసికొను నధికారము, లభించెను. మన ఉత్తర సర్కారులకును ఆ యేటనే ఫర్మానా పుట్టినది. ఇక ధనమున కంతము లేదని తలంచి వాటాదారులు లాభాంశమును నూటికి 12½ వఱకు పెంచుకొనిరి. బ్రిటిషు దొరతనమువారును 1767 మొదలు కుంఫిణీనుండి ఏటేట 4,00,000 పౌనుల సొమ్ము కోరి పుచ్చుకొనుచుండిరి.

అంతలో 1769–70లో బంగాళమున మహాక్షామము వచ్చెను. జనములో మూడవపాలు నశించెనని వారెన్ హేస్టింగ్సే యంచనా వేసెను. అయినను 1771 వసూలు 1768 నాటి వసూలును మించినదని యాతడే లండనునకు వ్రాసెను. ఎట్లు మించినది? చచ్చినవారి శిస్తును బ్రదికియున్న పొరుగువారిపై వేసి రాబట్టిరి. దానికి నాజాయి యని పేరు. శిస్తు కట్టి యెఱిగిన మీకు దీని యర్థము నేను విప్పి చెప్పనక్కఱలేదు.

1772 జూనులో లండనున నొక బ్యాంకరు పరారి కాగా ఎల్లెడల అప్పు పుట్టుట దుర్లభమయ్యెను. కుంఫిణీ గిడ్డంగులలో తూకమున దాదాపు 1,70,00,000 పౌనుల తేయాకు అమ్ముడుపోక పడియుండెను. ఇంగ్లండు బ్యాంకువా రిక నీయమనిరి. అప్పుడు కుంఫిణీ దొరతనమువారి గుమ్మము త్రొక్కెను.

1773లో పార్లమెంటువారు 14,00,000 పౌనులు అప్పిచ్చిరి. ఊరక ఈయలేదు. అప్పు తీరువఱకు లాభాంశము నూటికి 6 దాటరాదనిరి. రెగ్యులేటింగు చట్టముచే కలకత్తాలో గవర్నరు జనరలును, నలుగురు సభ్యుల యాలోచనసభను నిలిపిరి. ఇంతవఱకు నేను తప్పు పట్టను. ఒక రాజ్యపు శిస్తు చేతనున్న సంస్థ కూలినచో దానిక్రింద నలుగువారు వాటాదారు లొక్కరే కారు గదా! చేయూత నిచ్చి పగ్గము వేయుట రాజనీతియే. కాని తేయాకు చెల్లుబడికై యా యేడే మఱియొక చట్టముచేసి, సుంకము వాపసిచ్చి, కుంఫిణీ సరకును నేరుగా అమెరికాకు పంపనిచ్చిరి. అచ్చటి వర్తకులు మండిపడిరి. ఆ డిసెంబరులో బోస్టను రేవున 342 పెట్టెల తేయాకు సముద్రము పాలయ్యెను. తరువాతి యుద్ధము మీరెఱిగినదే.

ఇక కుఱ్ఱవాని ప్రశ్న. పార్లమెంటు సభ్యులలో పలువురు కుంఫిణీ వాటాదారులు. మా బియ్యపు వర్తకునకు అట్టి చుట్టములు లేరు. బంగాళపు రైతునకును లేరు. ఆ యప్పు షరతులలో వాటాదారుని లాభమెంతయో వ్రాయబడినది గాని, నాజాయి కట్టిన రైతునకు శిస్తు తగ్గించు మాట లేదు. ఆ కుఱ్ఱవాడు నేడెచ్చట నున్నాడో! వినుచున్నచో, ఇంత యాలస్యముగా నుత్తరమిచ్చినందుకు నన్ను మన్నించుగాక.