మట్టిరంగు చీర

ఒక సాహిత్య సభకి పెడన కలంకారీ చీర కట్టుకుని బయల్దేరుతుంటే మా అమ్మ గుమ్మంలోనే ఆపింది. “ఇదేం రంగే, బురదలో ముంచి తీసినట్టుంది! పదిమందిలోకి ఇదా కట్టుకెళ్లేది?” అంది. నవ్వుకుంటూ వెళ్లాను. తీరా సభలో చూస్తే మా వరసంతా అవే రంగులు. ఇటుక ఎరుపు, ఆవపిండి పసుపు, తాటిబెల్లం రంగు, కాటుక నలుపు. మన చదువుకీ, మన రాజకీయాలకీ ఇవి ఎప్పుడు యూనిఫారం అయ్యాయో!

ఈ రంగుల వెనక చాకిరీ చాలా ఉంది. గుడ్డని పేడనీళ్లలో నానబెట్టి, గంజి పోయేదాకా ఉతికి, కరక్కాయ నీళ్లలో ముంచుతారు. కాళహస్తిలో రంగు పాకకుండా గేదెపాలు కూడా కలుపుతారు. ఇనుపముక్కలూ బెల్లమూ పులిసిన కసిమి, కరక్కాయ పట్టిన గుడ్డ మీద పడితే నల్లబడుతుంది. పటిక అద్దినచోటే ఎరుపు నిలుస్తుంది. పెడనలో అచ్చు, కాళహస్తిలో కలం అని తేడా చెప్పుకుంటాం గానీ, రెండుచోట్లా సగం పని ఉతకడమే. నేను పెడన వెళ్లినరోజు కాలవలో మగవాళ్లు గుడ్డలు జాడిస్తున్నారు. తడిగుడ్డల బరువు మోసి ఆరబెట్టేది ఆడవాళ్లు. నేను అచ్చుల ఫొటోలు తీసుకున్నాను, చీర బేరమాడాను. వాళ్ల కూలి ఎంతో అడగాలని తోచనే లేదు.

ఒకప్పుడు ఆ ఎరుపు చిరివేరుది. సముద్రతీరపు ఇసుకనేలల్లో పెరిగే చిన్న మొక్క అది. 1620ల ముందూ వెనకా మచిలీపట్నంలో ఉన్న ఇంగ్లీషు వర్తకుడు మెథ్‌వోల్డ్ ఈ వేరు గురించీ దాని ఎరుపు గురించీ రాశాడు. జుట్టులాంటి ఆ వేళ్లని తవ్వి తీసిన చేతులెవరివో, వాళ్ల పేర్లేమిటో నేను చదివినంతలో ఎక్కడా కనిపించలేదు.

ఆ గుడ్డ కట్టుకున్న ఆడవాళ్లు మాత్రం చరిత్రకెక్కారు, దెబ్బలు తిని. మన అద్దకాలూ, వాటిని చూసి అక్కడే అద్దినవీ లండన్‌ని ముంచెత్తి నేతగాళ్ల పొట్ట కొట్టాయి. 1697లో వాళ్లు ఈస్టిండియా కంపెనీ కార్యాలయం మీదికే వెళ్లారు. 1719లో మాత్రం అద్దకపు గౌన్లు వేసుకున్న స్త్రీలని వీధుల్లో తరిమి, గౌన్లు చింపి, సిరా, ఆమ్లం చల్లారు. “కాలికో మేడమ్స్” అని వెక్కిరించారు. 1721లో పార్లమెంటు ఆ బట్టలు ధరించడాన్నే నిషేధించింది. నేతగాళ్ల ఆకలి అబద్ధమని అనను. కానీ అందరికీ సులువుగా దొరికింది ఆడదాని ఒంటిమీది గుడ్డే.

1868లో గ్రేబె, లీబెర్మన్ అనే ఇద్దరు జర్మన్లు ఆ వేళ్లలో ఉండే ఎరుపుని, అలిజరిన్‌ని, ప్రయోగశాలలో తయారుచేశారు. బొగ్గుతారులో దొరికే పదార్థమే దానికి మూలం. వేళ్ల వ్యాపారం కుప్పకూలింది. పెడనలో ఈ పొడినీ ఎన్నాళ్లుగానో వాడుతున్నారు. మట్టిరంగని మనం మురిసే ఎరుపు తారులోంచి వచ్చిందీ కావచ్చు. 1950లలో కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో కాళహస్తిలో శిక్షణ మొదలయ్యాక, గుడి గోడకి వేలాడిన గుడ్డ మెల్లగా మన చీర అయింది, కర్టెన్ అయింది. ఇప్పుడక్కడ కలం పట్టే ఆడవాళ్లూ ఉన్నారు.

ఇదంతా అమ్మకి చెబితే ఓపిగ్గా వింది. నలభై ఏళ్లు నాట్లూ కలుపులూ చేసిన మనిషి. “ఆ రంగు నా కాళ్లకీ, చీర కుచ్చిళ్లకీ రోజూ ఉండేదేగా. పండక్కి కూడా అదేనా?” అంది. చీటీ డబ్బులతో మొదటిసారి తనకి తనే కొనుక్కున్నది రాణీ రంగు నైలాన్ చీర. దాన్ని చూసి నేను కాలేజీ రోజుల్లో ఎంత ఎగతాళి చేశానో ఆవిడ మర్చిపోలేదు. పెట్టె అడుగునుంచి తీసి, మడత విప్పి, నా కలంకారీ పక్కన మంచమ్మీద పరిచింది.