జొన్నవాడ కామాక్షితాయి సన్నిధిలో నిద్ర

నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాలెం మండలంలో, పెన్నా ఒడ్డున ఉన్న జొన్నవాడ మల్లికార్జునస్వామి, కామాక్షితాయి ఆలయంలో రాత్రి నిద్ర చేయడం పాత మొక్కు. జబ్బుపడినవాళ్లు, మనసు చెదిరినవాళ్లు, బిడ్డల కోసం ఎదురుచూసేవాళ్లు చాపా దుప్పటీ పరుచుకుని గుడి ఆవరణలోనే పడుకుంటారు. భయం ముదిరేది రాత్రిపూటే కనుక, ఆ పూట అమ్మ దగ్గర గడపాలన్న ఆలోచనలోనే ఈ ఆచారం బలమంతా ఉంది. కోరిక తీరుతుందన్న హామీ కంటే, తీరేదాకా అమ్మ తోడుంటుందన్న నమ్మకమే ఇందులో ముఖ్యం. లేకుంటే పగటి దర్శనమే సరిపోయేది.

ఇలాంటి నమ్మకం మనిషిని చేతులు కట్టుకు కూర్చోబెడుతుందని ఆక్షేపిస్తారు. వైద్యం మానేసి మొక్కు మీదే ఆధారపడితే, ముఖ్యంగా మానసిక రోగుల విషయంలో, ఆ మాట నిజమే. అయితే తోడుందన్న ధైర్యం మందు మింగడానికి అడ్డురాదు. 2021 నవంబరులో పడుగుపాడు దగ్గర రైలుకట్టను కోసేసిన పెన్నా వరద లాంటిది వస్తే, అమ్మను తలుచుకుంటూనే గొడ్లను మెరకకు తోలుకుపోవచ్చు.