నీటిబుఱ్ఱ కథ



నేడు నేను మీకు విన్నవింపదలచినది రాజవంశముల చరిత్రము కాదు. దారి నడచు మనుష్యుడు త్రాగునీటిని వెంట గొనిపోవుచు తన రెండు చేతులను ఎట్లు ఖాళీగా నుంచుకొనెనో, ఆ చరిత్రము. ఇది యల్పవిషయమని మీకు తోచవచ్చును. నాకును చిరకాలము అట్లే తోచినది. అల్పవిషయము కాదని నాకు తెలియవచ్చిన సందర్భమును చివర మనవి చేసెదను.

మాది పాలమూరు సీమలో నొక చిన్న గ్రామము. నా బాల్యమున, అనగా 1960వ దశకము చివర, మా యూర నొక వృద్ధుడైన గొఱ్ఱెల కాపరి యుండెడివాడు. పిల్లలము ఆయనను కాపరితాత యని పిలిచెడివారము. ఆయన ఎడమ భుజమునుండి కుడి నడుమువఱకు నొక త్రాడు వ్రేలాడుచుండెడిది. దాని కొసను ఎండిన సొరకాయ బుఱ్ఱ. నేనొకనాడు, "తాతా, ఇంట చెంబు లేదా? ఈ బుఱ్ఱ యెందులకు?" అని అడిగితిని. ఆయన నవ్వి, "చిన్నయ్యా, కట్టె ఒక చేతిల, గొర్రెపిల్ల ఒక చేతిల. ఇగ చెంబు ఏ చేతిల పట్టాలె?" అనెను.

ఆ ప్రశ్నకు నాటినుండి నేటివఱకు దేశదేశముల మనుష్యులు చెప్పిన సమాధానములే నా యీ ప్రసంగము.

మొదటి సమాధానము కాపరితాత భుజమున వ్రేలాడిన బుఱ్ఱయే. సొరతీగకు పుట్టినిల్లు ఆఫ్రికా ఖండమని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. ఎండిన కాయ నీట మునుగదు. లోని విత్తులు చాలకాలము చెడవు. అందుచేత నది సముద్రముపై తేలి దూరదేశములను చేరగలిగెను. అమెరికా ఖండమున సుమారు 10,000 సంవత్సరముల క్రిందటనే జనులు దీనిని వాడుచుండిరని త్రవ్వకములవలన తెలియుచున్నది. అచ్చట మట్టికుండ పుట్టుటకు చాల పూర్వమే బుఱ్ఱ యున్నదన్నమాట.

దీనిని సిద్ధము చేయు విధము మీలో పెద్దలకు తెలిసియే యుండును. ముదిరిన కాయను బాగుగ ఎండనిచ్చి, మెడకడ రంధ్రము చేసి, నీరు పోసి కొన్ని దినములు ఉంచిన లోని గుజ్జు మెత్తబడును. దానిని గింజలతో గూడ దులిపివేసి, చేదు విఱుగువఱకు పలుమాఱులు కడుగవలెను. కాపరితాత బుఱ్ఱకు నడుము మిక్కిలి సన్నము. అది యందమునకని నేననుకొంటిని. కాదు. ఆ నడుమునకే త్రాడు బిగింతురు. మీది యుబ్బు త్రాటిని జారనీయదు. చెవులు లేని పాత్రకు ప్రకృతి యొసగిన చెవి యది. మన తాటివనములలో గీతకాడును ఈ సూక్ష్మమెఱిగినవాడే. చెట్టెక్కువానికి రెండు చేతులును మోకుపై నుండవలెను. కాన లొట్టిని నడుమునకు తగిలించుకొని యెక్కును, దిగును.

రెండవ సమాధానము తోలుతిత్తి. దీనికి సంస్కృతమున దృతి యని పేరు. ఋగ్వేదమునందే యీ మాట కలదు. మనుస్మృతి ద్వితీయాధ్యాయమున దీనిని గూర్చి చక్కని యుపమానమొకటి కలదు. ఇంద్రియములలో ఏ యొక్కటి జాఱినను, తిత్తి పాదమునుండి నీరు కారిపోయినట్లు మనుష్యుని ప్రజ్ఞ కారిపోవునట. నేను విద్యార్థినై యిది చదివినప్పుడు, తిత్తికి పాదమేమి యని సందేహించితిని. మా గురువుగారు నవ్వి విప్పిచెప్పిరి. మేకతోలును పొట్టకడ చీల్చక గొట్టమువలె ఒలిచి, కాళ్ళ తోలును కొసల ముడివేసి, మెడను మూతిగా నుంచుదురు. ఆ కాలి ముడులలో నొక్కటి వదలిన చాలును, తిత్తి యంతయు వట్టిపోవును. శాస్త్రవాక్యము బోధపడుటకు నాకు మేకతోలు అక్కఱపడెను.

ఉత్తరదేశమున భిస్తీలనబడు నీటిమోపరులు ఇట్టి తిత్తినే మషకమను పేర పట్టీతో భుజమునకు తగిలించుకొని వీథులందు తిరిగిరి. 1539వ సంవత్సరమున చౌసా యుద్ధమునందు ఓడి, గంగలో మునుగబోయిన హుమాయూను చక్రవర్తిని నీటిమోపరి యొకడు గాలి నింపిన తిత్తితో ఒడ్డు చేర్చెననియు, చక్రవర్తి కృతజ్ఞుడై యతనిని కొద్దికాలము సింహాసనమున కూర్చుండబెట్టెననియు మొగలు చరిత్రములందు కలదు. తిత్తికి గొప్పగుణ మొకటి కలదు. నీరు తగ్గుకొలది తానును ముడుచుకొని మోయువాని యొడలికి అణగియుండును. అయినను తోలువాసన నీటికి పట్టును. ఎండిన తోలు బీటలు వాఱును.

మూడవ సమాధానము కుమ్మరిది. గుండ్రని కుండ ప్రక్కన నిలువదు. అడుగడుగునకు దొరలి యెముకలను కొట్టును. కావున ప్రాచీనులు రెండు మూకుళ్ళను ఎదురెదురుగ అతికినట్లు చదునైన సీసాను చేసి, మెడ కిరుప్రక్కల త్రాడు దూర్చుటకు రెండు చెవులు పెట్టిరి. ఈజిప్టు దేశమున అలెగ్జాండ్రియా నగరమునకు నైరుతిదిశను అబూ మేనా యను క్రైస్తవ క్షేత్ర ముండెను. క్రీస్తుశకము 5, 6, 7 శతాబ్దములలో అచ్చటికి వచ్చిన యాత్రికులు ఇట్టి యాకారము గల చిన్న మట్టిసీసాలను ప్రసాదముగ తమ దేశములకు గొనిపోయిరి. రెండు ఒంటెల నడుమ చేతులు చాచి నిలిచిన మేనా సాధువు రూపము వానిపై నుండును. కాశినుండి గంగచెంబు తెచ్చిన మన పెద్దలకు ఆ యాత్రికుల మనసు తెలియకపోదు.

ఇంతకంటె వింతయైనది చైనా దేశమున కలదు. ఆ దేశపు టుత్తరభాగమును 907 మొదలు 1125 వఱకు ఏలిన లియావు వంశమువారు ఖితాను జాతి ఆశ్వికులు. గుఱ్ఱముపై పోవువారికి తోలుతిత్తియే యలవాటు. వారి కుమ్మరులు మట్టితో సీసాలు చేసినప్పుడు తిత్తి యాకారమునే నిలిపిరి. అంతియ కాదు, తోలు కుట్లను సైతము మట్టిపై తీర్చిరి. మట్టికి కుట్టుతో పనియేమి? అయినను చేతికి అలవడిన రూపమును మనుష్యుడు వెంటనే విడువడు.

నాలుగవ సమాధానము సైనికునిది. తుపాకి రెండు చేతులను కోరును. 1861 మొదలు 1865 వఱకు జరిగిన అమెరికా అంతర్యుద్ధమున ఉత్తరపక్షపు సైనికులు రెండు రేకుపళ్ళెములను అతికినట్లున్న సీసాను పట్టీతో భుజమున వ్రేలాడవేసికొనిరి. దానిపై ఉన్నిగుడ్డ తొడుగు కలదు. తొడుగును తడిపినచో తడి యాఱుకొలది నీరు చల్లబడును. మన మట్టికూజా చేయు పనినే ఆ గుడ్డ చేసినది. దక్షిణపక్షమున పలువురు చిన్న డోలువంటి కొయ్యసీసాలను మోసిరి. బ్రిటిషు సైన్యము 1908వ సంవత్సరపు సాధనసామగ్రిలో ఎనామెలు పూసిన యినుపసీసాకు ఉన్నితొడుగు వేసి, బిరడాను త్రాటితో మెడకే కట్టినది. త్రాడు లేని బిరడా మొదటిదినముననే పోవునని వారు ఎఱుగుదురు. 1910వ సంవత్సరమున అమెరికా సైన్యము అల్యూమినియపు సీసాను నడుము వంపున కనుగుణముగ ఒకప్రక్క లోనికి వంచి చేయించి, దాని యడుగున నొక లోటాను కూడ అమర్చినది.

ఇన్నిటిలోను ఒక లోపము మిగిలియే యున్నది. మోయుటకు చేయి అక్కఱలేదు గాని త్రాగుటకు కావలెను. ఈ చిక్కు 1980వ దశకము చివర అమెరికాలో టెక్సాసు రాష్ట్రమున విడినది. అచ్చట విచిటా ఫాల్సు అను నగరమున ఆగస్టు మాసపు మండుటెండలో నూఱుమైళ్ళ సైకిలు పందెము జరుగును. మైకేలు ఐడ్సను అను నతడు అత్యవసర వైద్యసేవలో పనిచేయువాడు. అతడు సెలైను ఎక్కించు సంచిని నీటితో నింపి, మేజోడులో దూర్చి, చొక్కా వీపున తగిలించుకొనెను. గొట్టమును భుజము మీదుగా తెచ్చి బట్టలారవేయు క్లిప్పుతో పట్టించి, చేతులు సైకిలు విడువకయే త్రాగెను. 1989లో ఆ యూహ నుండి వ్యాపారసంస్థ యొకటి పుట్టినది. పిమ్మట సైనికులును అట్టి సంచులనే మోసిరి. చూచితిరా? వేలయేండ్లు తిరిగి, నీరు తగ్గుకొలది వీపునకు అణగు మెత్తని తిత్తికే మనుష్యుడు మరలివచ్చెను.

ఇక నేను మొదట చెప్పిన సందర్భము. రెండేండ్ల క్రిందటి వైశాఖమున మా యూరి చెఱువులో పూడిక తీయుచుండిరి. నేనును మఱి నలుగురు పెద్దలును గట్టుమీది చింతచెట్టు నీడను కూర్చుంటిమి. పనివారి నీటిసీసాలన్నియు ఆ నీడననే వరుసగా నున్నవి. పని జరుగుచున్నది చెఱువు నడుమ. మధ్యాహ్నము కాకమునుపే ఒక స్త్రీ తట్టతో నడచుచు క్రిందబడెను. మోసికొనివచ్చి నీడను పండుకొనబెట్టి, ఒడలు తడిపి, ఆస్పత్రికి పంపితిమి. దైవానుగ్రహమున బ్రతికెను. ఆమె సీసా మా ప్రక్కనే నిండుగా నుండెను. ఉదయమునుండి ఆ నీరు మాకు దగ్గఱ, ఆమెకు దూరము. ఇది చూచుచునే కూర్చున్న మా యైదుగురిలో నొక్కరికిని తోచలేదు. పాఠములు చెప్పిన నాకును తోచలేదు.

ఎండలో పనిచేయువారు దాహమగువఱకు వేచియుండక, పదునైదు ఇరువది నిమిషముల కొకమాఱు గ్లాసెడు నీరు, అనగా సుమారు పావులీటరు, త్రాగవలెనని పనివారల ఆరోగ్యమును విచారించు నిపుణులు చెప్పుచున్నారు. గట్టుమీది సీసాకై గంటకు నాలుగుమాఱులు ఎవరు పోగలరు? పోయినచో పని యెగవేయుచున్నారని మేస్త్రి యనడా?

ఆ రాత్రి నాకు కాపరితాత ప్రశ్న జ్ఞప్తికి వచ్చినది. నా భార్య పాతచీరతో నాలుగు సంచులు కుట్టెను. వెడల్పుగ పట్టీ పెట్టి, లోపల గోనెగుడ్డ యతికెను. గోనెను తడిపిన నీరు చల్లగా నుండునని నేను శాస్త్రము చెప్పితిని. మఱునాడు ఆ సంచులను పనివారికి ఇచ్చితిమి. జాము గడవకమునుపే మా కుట్టులోని లోపము బయటపడినది. పాఱతో వంగినప్పుడు సీసా ముందునకు జాఱి మోకాళ్ళను కొట్టుచున్నది. వారిలో నొకామె మారుమాటాడక చీరపేలిక యొకటి చించి, సంచిని నడుమునకు రెండవకట్టు కట్టుకొనెను. అంతటితో అది వీపున కదలక నిలిచినది. దేశదేశముల చరిత్రము చదివిన నేను కనుగొననిదానిని, పని చేయు నామె క్షణములో కనుగొన్నది. నేటికిని మా యూర ఆ సంచులు రెండుకట్లతోనే కుట్టుచున్నారు.

పెద్దలారా! మన యూళ్ళలో పని చూచువారము మనము, పని చేయువారు వారు. రానున్న వేసవిలో మీరు చెట్టునీడను కూర్చున్నప్పుడు, నీరు ఎవరి దగ్గఱ నున్నదో ఒక్కమాఱు చూడుడు. మీ ప్రక్కన నున్నచో, దానిని వారి భుజమునకు చేర్చు నుపాయము చేయుడు. పాతచీర చాలును, రెండుకట్లు చాలును. సంచిలోని సీసాను ప్రతిదినము కడుగుట మఱువవలదు.

ఏ చేత పట్టవలెనని కాపరితాత అడిగెను. ఏ చేతను పట్టనక్కఱలేదని చెప్పుటకు నాకు ఏబదియేండ్లకు పైగా పట్టినది. సెలవు.