ఇంటర్వ్యూ అయింది, కబురు రాలేదు

ఉద్యోగ నియామకాల చరిత్రపై నాలుగు మాటలు రాయమని సంపాదకవర్గం వారు కోరారు. ఎంపికైన వారి చరిత్ర సర్వీసు రిజిస్టర్లలో ఉండనే ఉంది. రాతపరీక్ష రాసి, ఇంటర్వ్యూకు పోయివచ్చి, అవునో కాదో తెలియకుండా మిగిలిపోయినవారి ఊసు ఏ రిజిస్టరులోనూ లేదు. అందుకని వారిని గురించే రాస్తున్నాను.

మా కాలంలో ఎంప్లాయిమెంటు ఎక్స్ఛేంజి కార్డే మా ఆస్తి. ఖాళీలను ఎక్స్ఛేంజికి విధిగా తెలపాలని 1959లో చట్టం వచ్చింది. సీనియారిటీ ప్రకారం పేర్లు పంపేవారు, పోస్టులో కాల్ లెటర్ వచ్చేది. సిద్దిపేట అప్పుడు మెదక్ జిల్లాలో ఉండేది, జిల్లా ఆఫీసులేమో సంగారెడ్డిలో. గెజిటెడ్ అధికారి సంతకం చేసిన నకళ్ళు సంచిలో పెట్టుకొని తెల్లవారకముందే బస్సెక్కేవాళ్ళం. పొద్దంతా వరండాలో నిలబడితే లోపల ఐదు నిమిషాలు. "తెలియజేస్తాం, వెళ్ళిరండి" అనేవారు.

1976లో నేనూ ఒక ఆఫీసుకు అట్లాగే పోయాను. రాతపరీక్ష, టైపు పరీక్ష, రెండు విడతల ఇంటర్వ్యూ అయినాయి. పది రోజుల్లో కబురు పంపుతామన్నారు. మా నాయన పోస్టుమాన్ సైకిల్ బెల్లు వినబడితే చాలు, వాకిట్లోకి వచ్చి నిలబడేవాడు. మరుసటి ఏడు వేరే శాఖలో చేరి, ముప్పై మూడేళ్ళు చేసి 2010లో రిటైరయ్యాను. ఆ కబురు మాత్రం ఇంతవరకు అందలేదు!

ఎందుకిట్లా జరుగుతుందో ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షనులో కూర్చున్నాక గాని నాకు అర్థం కాలేదు. ఎంపికైన వారికి అప్పట్లో రిజిస్టర్డు పోస్టులో ఉత్తర్వు పోయేది. వారిలో ఎవరైనా చేరకపోతే తర్వాతివారిని పిలవవలసి ఉండేది గనుక వెయిటింగు లిస్టులో ఉన్నవారికి 'లేదు' అని చెప్పేవారు కాదు. ఆ లిస్టు గడువు తీరాక చెప్పవలసిన పని ఎవరిదీ కాదు. ఫైలుకు ఎల్.డిస్. వేసి రికార్డు గదికి పంపడమే. ఇందులో ఎవరి దుర్బుద్ధీ లేదు. కాని అవతల ఒక ఇల్లు ఎదురుచూస్తూ ఉంటుంది, పెళ్ళి సంబంధం కూడా ఆ కబురు కోసమే ఆగి ఉంటుంది.

ఒక మనిషి సంగతి అట్లా ఉంచి, వేల మందికి ఇదే జరిగిన ఉదంతం 1998 డీఎస్సీ. ఉపాధ్యాయ పోస్టులకు రాతపరీక్ష 85 మార్కులకు, ఇంటర్వ్యూ 15 మార్కులకు పెట్టారు. ముందు ప్రకటించిన కనీస మార్కులను తర్వాత సడలించడంతో వివాదం రేగి కోర్టులకెక్కింది. అర్హత పొంది ఇంటర్వ్యూకు పోయివచ్చినవారు ప్రభుత్వాలు మారినప్పుడల్లా వినతిపత్రాలు పట్టుకొని తిరిగారు. చివరకు రాష్ట్రం విడిపోయిన తర్వాత, 2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వేల మందిని మినిమం టైం స్కేలుపై కాంట్రాక్టు పద్ధతిలో తీసుకొన్నది. పాతికేళ్ళ వయసులో ఇంటర్వ్యూకు పోయినవారు యాభై నిండాక బడిలో అడుగుపెట్టారన్నమాట. అప్పటికి వారి పిల్లలే ఉద్యోగాల ఈడుకు వచ్చారు.

ఇప్పటి పిల్లలకు అంత తిప్పలు లేదని కొందరు మిత్రులు అంటుంటారు. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి, నిజమే. 2022లో తెలంగాణ ప్రభుత్వం గ్రూప్-1, గ్రూప్-2 పోస్టులకు ఇంటర్వ్యూలు ఎత్తివేసింది, అదీ మంచిదే. అయినా ఎదురుచూపు తప్పలేదు. 2016 నవంబరులో గ్రూప్-2 రాతపరీక్ష జరిగితే తుది ఎంపిక జాబితా 2019 అక్టోబరులో వచ్చింది. పరీక్ష రాసేనాటికి సిద్దిపేట కొత్త జిల్లా అయి నెల రోజులే. ఆ తర్వాత 2022 నాటి గ్రూప్-1 ప్రకటన కింద ప్రిలిమ్స్ రెండుసార్లు రద్దయింది. మొదటిసారి ప్రశ్నపత్రం బయటపడి, రెండవసారి కోర్టు తీర్పుతో.

2008 డీఎస్సీలో నష్టపోయిన బి.ఎడ్. అభ్యర్థులకైతే పదహారేళ్ళ పైచిలుకు పట్టింది. హైకోర్టు చెప్పిన మీదట 2025 ఫిబ్రవరిలో తెలంగాణ ప్రభుత్వం వారిని ఎస్.జి.టి.లుగా కాంట్రాక్టుపై నియమించింది. జీతం నెలకు 31,040 రూపాయలు. మనలాగా ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చి పెన్షను తీసుకొనే యోగం ఆ ఉత్తర్వులో లేదు.