మా గల్లీకి రోడ్డు వచ్చిన వరుస

జల్‌పల్లి 2016లో మున్సిపాలిటీ అయింది. ఇక రోడ్లు వస్తాయనుకున్నం. కానీ వానొస్తే మురికినీళ్లు గడప దాటి ఇంట్లకే వచ్చేవి. పక్క గల్లీల సీసీ రోడ్డు వేసినంక, డ్రైనేజీ పైపు కోసం మళ్లీ తవ్విన్రు. ఆ పైసలు మనం కట్టిన పన్నులే కదా!

2019 మున్సిపల్ చట్టం వార్డుకు నాలుగు కమిటీలు పెట్టమన్నది, అందులో ఒకటి మహిళలది. 2020 ఫిబ్రవరిలో పట్టణ ప్రగతి మొదలైంది. అప్పుడు మేము పొదుపు మీటింగులోనే మాట్లాడుకుని, టేపుతో గల్లీ కొలిచి, దరఖాస్తు రాసినం: ముందు డ్రైనేజీ, తర్వాత నీళ్ల పైపు, ఆఖరుకు రోడ్డు.

అంచనా, మంజూరు, టెండరు అయ్యేదాకా తిరిగినం. ఆలస్యమైనా అదే వరుసలో పని జరిగింది. మళ్లీ తవ్వలేదు.

అక్కచెల్లెళ్లారా, రోడ్డు అడిగే ముందు కింద పైపు పడిందా అని అడుగుదాం.