విశాఖపట్టణమునకు దారులు

విశాఖపట్టణము నేడు మహానగరము. అయినను ఆ నగరమున ఒకచోటినుండి మరియొకచోటికి పోవువాడు ఇప్పటికిని కొండ చెప్పినట్లే నడువవలసియున్నది. ఉత్తరమున సింహాచలము, కైలాసగిరుల వరుస, దక్షిణమున యారాడ కొండ, తూర్పున సముద్రము. వీని నడుమనున్న పల్లపు నేలలో ఊరు వెలసినది. విశాలముగ తెరచియున్న దిక్కు పడమర ఒక్కటే. రైలైనను, లారీయైనను, పనివారిని మోయు బస్సైనను పెక్కుసారులు ఆ వాకిటనే రావలెను, ఆ వాకిటనే పోవలెను.

రైలుమార్గము చూచిన ఈ సంగతి తేటపడును. 1890 తరువాతి దశాబ్దమున తూర్పుతీరపు రైలు వచ్చినప్పుడు అది కొండను చీల్చుకొని సముద్రపుటొడ్డున సాగిపోలేదు. దక్షిణపు బండియు, ఉత్తరపు బండియు వాల్తేరు స్టేషనులోనికి ఒకే వైపునుండి ప్రవేశించును. అందుచేత మద్రాసునుండి హౌరాకు పోవు బండి ఇచ్చట ఇంజనును రెండవ కొనకు తగిలించుకొని, వెనుక పెట్టె ముందుగా, వచ్చిన త్రోవనే కొంతదూరము మరలిపోవలెను. కొన్ని బండ్లు విశాఖ ముఖము చూడకయే దువ్వాడ మీదుగా తప్పుకొని పోవుటకు కారణమిదియే.

పిదప వచ్చినది ఓడరేవు. కొండల నడుమ ఉప్పుటేరు, బురదనేల ఉన్నచోట తవ్వి, 1933లో రేవును తెరచిరి. దానికి రెండేండ్ల ముందే, 1931లో, రాయపూరు నుండి విజయనగరమునకు రైలుమార్గము పూర్తియైనది. మధ్యపరగణాల సరకు కొండలు దాటి రేవునకు చేరుటకై ఈ యేర్పాటు. సరకునకు దారి ముందు, మనుష్యునకు దారి తరువాత. ఈ వరుస ఆ పట్టణమున చిరకాలము మారలేదు.

రేవు కాలువ ఊరిని రెండుగ చీల్చినది. పాతపట్టణము ఒక గట్టున మిగిలెను. పరిశ్రమలు ఆవలి గట్టున లేచెను. 1941లో సింధియా కంపెనీవారు నౌకానిర్మాణశాలకు శంకుస్థాపన చేయించిరి. 1948లో జవహరులాల్ నెహ్రూ 'జలఉష' అను ఓడను జలప్రవేశము చేయించెను. 1957లో మల్కాపురము వద్ద కాల్టెక్సు వారి చమురు శుద్ధి కర్మాగారము ప్రారంభమయ్యెను. పాతపట్టణపు కార్మికునకు కాలువ కావలనున్నది తాను పనిచేయు చోటు; అయినను రోడ్డున పోవలెనన్న కాన్వెంటు కూడలి మీదుగా రేవునంతయు చుట్టి మల్కాపురము, సింధియాలకు చేరవలెను. ఆ చుట్టు పనిగంటలలో లెక్కకు రాదు, కూలిలోనికి రాదు. ఉదయపు షిఫ్టునకు అందుకొనువాడు చీకటితోనే మేల్కొనవలసినదే.

1958లో ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడెను. ప్రైవేటు బస్సుల స్థానమున దశలవారీగా సంస్థ బస్సులు వచ్చెను. పల్లెలనుండి పనికి పోవువారికి సైకిలు, పాసింజరు రైలు, బస్సు ఈ మూడే దిక్కయ్యెను. అనకాపల్లి, పెందుర్తి, కొత్తవలస ప్రాంతములలో ఇల్లు వదలక కర్మాగారములో జీతము తెచ్చుకొనుట వీనివలననే సాధ్యమైనది. ఊరిలో పొలమును, పట్టణములో ఉద్యోగమును కలిపిన ముడి ఈ బస్సే.

1960 తరువాతి దశాబ్దమున బైలదిల్లా ఇనుప ఖనిజమును జపానునకు పంపుటకై కొత్తవలస–కిరండూలు మార్గము నిర్మించిరి. దానిపై సొరంగములే 58. శిమిలిగుడ స్టేషను సముద్రమట్టమునకు 996 మీటర్ల యెత్తున నున్నది. ఖనిజమునకు కొండలు ఇన్నిచోట్ల దారి యిచ్చినను, ఆ మార్గమున ప్రయాణీకులకు చిరకాలము పగటి పాసింజరు ఒక్కటే ఆధారమయ్యెను.

ఉక్కు కర్మాగారమునకు 1971లో శంకుస్థాపన జరిగినను, అది జాతికి అంకితమగుట 1992లో. దానితో గాజువాక ఒక పట్టణముగ పెరిగినది. షిఫ్టు మారు వేళలలో రోడ్డు జనముతో నిండినది. గాజువాకనుండి నగరములోనికి వచ్చు జాతీయ రహదారి నౌకాదళ ఆయుధాగారపు కూడలి వద్ద గోపాలపట్టణము త్రోవతో కలియును. ఎన్.ఏ.డి. కొత్తరోడ్డు అని దానికి పేరు. రోడ్డు పాతబడినను పేరులోని కొత్తదనము పోలేదు. అచ్చటి రద్దీకి 2020లో పైవంతెన కట్టిరి. 5వ సంఖ్య జాతీయ రహదారి 2010లో 16వ సంఖ్య అయినది. దూరపు లారీలు నగరము మధ్యకు రాకుండ, అనకాపల్లినుండి సబ్బవరము, పెందుర్తిల మీదుగా ఆనందపురమునకు సుమారు 50 కిలోమీటర్ల ఆరువరుసల రోడ్డు ఇటీవల వేసిరి. ఇచ్చటను చేసినది కొండను చుట్టుటయే.

ఆ చుట్టు ఎంతయో యెరుగవలెనన్న ఆషాఢ పూర్ణిమనాటి సింహగిరి ప్రదక్షిణము చూడవలెను. అడవివరము, హనుమంతవాక, మాధవధార, ఎన్.ఏ.డి. కూడలి, గోపాలపట్టణము మీదుగా 32 కిలోమీటర్లు. కొండ చుట్టూ బస్సు తిరుగు రోడ్లే అవి. ఆ దినమున బస్సులను వేరుదారులకు మళ్లింతురు. రాత్రియంతయు రోడ్డు నడచువారిదే.