గంటల ముల్లు లేని వాచీ: నీళ్ళ గడియారానికి కొత్త జన్మ

ఇవాళ ఒక వింత వాచీ గురించి చెప్తాను. దీనికి గంటల ముల్లు లేదు. డయల్ చుట్టూ సన్నని గాజు గొట్టం, దాంట్లో ఆకుపచ్చ ద్రవం. ఆ పచ్చరంగు ఏ అంకె దగ్గర ఆగితే టైమ్ అన్ని గంటలన్నమాట. మొదటిసారి వీడియోలో చూసి బ్యాటరీ బొమ్మేమో అనుకున్నాను. కాదండి, లోపలున్నది స్ప్రింగు, పళ్ళచక్రాలే. పేరు హెచ్‌వైటీ హెచ్1. స్విట్జర్లాండ్ కంపెనీ. 2012లో వచ్చింది, అప్పట్లో దాని ధర 40 వేల డాలర్ల పైమాటే.

నీటితో టైమ్ కొలవడం మాత్రం కొత్త కాదు. ఈజిప్టులోని కర్ణక్‌లో దొరికిన నీళ్ళ గడియారం వయసు సుమారు 3,400 ఏళ్ళు. అడుగున చిల్లు ఉన్న రాతి పాత్ర అది. నీళ్ళు కారేకొద్దీ లోపలి గుర్తులు చూసి టైమ్ చెప్పేవాళ్ళు. ఇక్కడొక చిక్కుంది. పాత్రలో నీరు తగ్గితే ఒత్తిడి తగ్గి, ధార కూడా నెమ్మదిస్తుంది. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో టెసిబియస్ అనే ఇంజనీరు, పైతొట్టిలో నీటిమట్టం ఎప్పుడూ ఒకేలా ఉండే ఏర్పాటు చేసి ఆ చిక్కు విప్పాడు.

మన దేశంలో పద్ధతి వేరు. చిన్న చిల్లున్న రాగి గిన్నెను నీళ్ళ మీద వదిలేవాళ్ళు. అది నిండి మునగడానికి 24 నిమిషాలు. అదే ఒక ఘడియ, రోజుకు 60 ఘడియలు. ఘటిక అంటే చిన్న కుండ. మనం "మంచి ఘడియ" అన్నా, "గడియారం" అన్నా, ఆ మాటలో ఆ కుండే ఉంది. గిన్నె మునగగానే ఒక మనిషి గంట కొట్టి, దాన్ని ఖాళీ చేసి మళ్ళీ వదలాలి. ఆ మనుషుల గురించి బాబర్ తన ఆత్మకథలో రాశాడు.

భాస్కరాచార్యుడి కూతురు లీలావతి కథ మీరు వినే ఉంటారు. ముత్యం జారిపడి గిన్నె చిల్లు మూసుకుపోయిందట, పెళ్ళి ముహూర్తం దాటిపోయిందట. అది చరిత్ర కాదు, జనం చెప్పుకునే కథ. కానీ ద్రవంతో నడిచే గడియారం ఎంత సున్నితమో చెప్తుంది.

ఇప్పుడు వాచీకి వద్దాం. అడుగున రెండు చిన్న లోహపు తిత్తులు, కొలిమి తిత్తుల్లాంటివి. ఒకటి నొక్కుకుంటే రెండోది సాగుతుంది. గొట్టం లోపలి వెడల్పు ఒక మిల్లీమీటరు కూడా లేదు. అందులో నీళ్ళూ నూనెలా కలవని రెండు ద్రవాలు, ఒకటి పచ్చది, ఒకటి రంగు లేనిది. రెండూ కలిసే గీతే గంటల ముల్లు. వేడికి ద్రవం ఉబ్బుతుంది కాబట్టి దాన్ని సర్దే ఏర్పాటు కూడా ఉంది. ఆరు గంటలకు చివరికి చేరిన పచ్చరంగు తనంతట తానే వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదలవుతుంది. వేల ఏళ్ళు మనిషి పక్కన కూర్చుని చేసిన పని అది! ఆ ఏడాదే జెనీవా గ్రాండ్ ప్రీలో దీనికి ఇన్నోవేషన్ అవార్డు వచ్చింది.

అయినా 2021లో ఆ కంపెనీ దివాలా తీసింది. అప్పుడు నాకొచ్చిన ప్రశ్న ఒకటే: ఆ వాచీ కొన్నవాళ్ళ సంగతేంటి? అందులో ద్రవం లీకైతే మన సెంటర్లో వాచీలు బాగుచేసే ఆయన ఏం చేయగలడు? అదృష్టం కొద్దీ అదే ఏడాది కొత్త యజమానులు తీసుకున్నారు, 2022లో కొత్త మోడల్ కూడా వచ్చింది.

నాకు అర్థమైంది ఇదే. రాగి గిన్నెకైనా, లక్షల వాచీకైనా, చూసుకునే మనిషి ఒకడు ఉండాల్సిందే. ఈసారి పంచాంగంలో ఘడియలు కనిపిస్తే, ఆ గిన్నె పక్కన నిద్ర ఆపుకుని కూర్చున్న మనిషిని ఒకసారి తలుచుకోండి. ఉంటాను మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.